పైనీరు, అడుగునీరు

పెదజాలారిపేటలో ఆశా కార్యకర్త ఇంటి అరుగు మీద
మంగళవారం మా బీపీ పాఠం.
నర్సింగ్ మూడో ఏడు, ఇరవై మార్కుల పని.
ఫ్లాష్ కార్డులు ఆరు, చార్టు ఒకటి,
చార్టులో ఉప్పు డబ్బా మీద ఎర్ర ఇంటూ గుర్తు.
నేనే గీశాను, స్కేలు పెట్టి.

గనగళ్ల ఎర్రమ్మ చేతులు చూశాక
ఆ చార్టు ఎటు తిప్పి పట్టుకోవాలో తెలియలేదు.
యాభై ఏళ్లు కవళ్లనీ నెత్తళ్లనీ ఉప్పులో పొర్లించిన చేతులు.
గోళ్ల సందుల్లో ఇంకా తెల్లగా ఉంది,
ఉప్పో, వయసో.

"ఉప్పు తగ్గించాలి మామ్మా."
"తగ్గిస్తే సేప కుళ్లిపోద్ది గుంటా."
"చేపకి కాదు, మీకు."
"మరి నాను కుళ్లిపోనా ఏటి?"
అరుగంతా నవ్వింది. మా మేడమ్ కూడా,
మార్కుల పుస్తకం అడ్డం పెట్టుకుని.

పట్టీ కట్టేముందు ఐదు నిమిషాలు కుదురుగా కూర్చోవాలి,
కాలు మీద కాలు వేయకూడదు, చెయ్యి గుండె ఎత్తున ఉండాలి,
మాట్లాడకూడదు.
కాలు దించింది. చెయ్యి నేనే బల్ల మీద సర్దాను.
మాట మాత్రం ఆగలేదు.
హార్బరు పాటలో నిన్నటి వంజరం ధర,
కోడలి కొత్త ఫోను, డీజిలు అప్పు...
నూట డెబ్బై రెండు. కింద తొంభై ఎనిమిది.
బతిమాలి, నోటికి కొంగు అడ్డం పెట్టించి మళ్లీ చూశాను.
నూట యాభై ఎనిమిది.
"ఆ పద్నాలుగూ నీ వంజరానివే" అన్నాడు
గోడకి జారబడ్డ చోడిపల్లి దానయ్య.

మాత్రలు చూపించమంటే రేకు డబ్బా తెచ్చింది.
నెల కిందటి ముప్పైలో మూడే మిగిలాయి.
పర్వాలేదే, అనుకున్నాను.
"రోజూ వేసుకుంటున్నారన్నమాట!"
"రోజూ ఎందుకే? తల దిమ్మెక్కినప్పుడు."
మిగతావి సూరమ్మకి నాలుగు,
బోటు దిగొచ్చిన మేనల్లుడికి ఒక రేకు,
దానయ్యకి ఆరు.
కూర పంచినట్టు పంచింది.
దానయ్య ఆకాశం కేసి చూశాడు.

నా ఆరు కార్డుల్లో దీనికి కార్డు లేదు.
నొప్పి లేకపోయినా లోపల ఉంటుంది,
చప్పుడు చేయదు, అని పుస్తకంలో మాటే చెప్పాను.
అది అరుగు దాకా కూడా చేరలేదు.

అప్పుడు దానయ్య దగ్గాడు.
"ఒలే ఎర్రమ్మా, పైనీరు నిమ్మళంగున్నాదని
అడుగునీరు లాగడం మానేస్తాదా?
మన నూకయ్య పోనాడే, ఆ పొద్దు
అద్దంలా నేదూ సముద్రం?"

ఎవరూ నవ్వలేదు.
ఎర్రమ్మ డబ్బా మూత పెట్టి, మళ్లీ తీసింది.
నూకయ్య ఆమెకేమవుతాడో నేను అడగలేదు.

కాసేపటికి ఆమే అంది:
"సరే, ఏ ఏళకి మింగాల?"
"పొద్దున్నే, బోట్లు దిగే వేళకి?"
"ఏట నేని రెండు నెల్లూ మానీమంటావా?"
నిజమే. వేట నిషేధం నా పాఠంలో లేదు.
డాల్ఫిన్ నోస్ కొండ వైపు గడ్డం ఎత్తింది.
"ఆ దీపం ఎలిగినప్పుడు ఏసుకుంటాను.
అది ఏ పొద్దూ మానదు."

వచ్చేటప్పుడు కాగితం పొట్లం చేతిలో కుక్కింది. ఎండు నెత్తళ్లు.
"మూడు నీళ్లు మార్చి కడిగి వండుకో గుంటా.
ఉప్పు మంచిది కాదంట."

పదహారు మార్కులొచ్చాయి. చార్టు నీటుగా ఉందట.

సాయంత్రం హాస్టల్ మేడ మీద బట్టలు తీస్తుంటే
కొండ మీది దీపం ఒకసారి నా మీదుగా పోయింది,
మళ్లీ వచ్చింది.
వేసుకుందో లేదో.
వచ్చే మంగళవారం డబ్బా మూత తీయాలి.
ఈ రోజు ముప్పై ఇచ్చాం, ఇరవై మూడు ఉండాలి.
తక్కువుంటే కోప్పడకూడదు.
సూరమ్మని కూడా ఆ అరుగెక్కించి
మాట్లాడనివ్వకుండా ఐదు నిమిషాలు కూర్చోబెట్టాలి.